వ్యాలీ కర్వ్ పొడవు మైనస్ 900 వస్తోందంటే గుర్తుల దగ్గరే తేడా

1/40 వాలుతో దిగి 1/50 వాలుతో ఎక్కే రోడ్డుకి, గంటకు 80 కి.మీ. వేగానికి వ్యాలీ కర్వ్ (దిగే రోడ్డు, ఎక్కే రోడ్డు కలిసే చోటి పల్లపు వంపు) పొడవు మైనస్‌లో ఎందుకొస్తోందని అడిగారు. మీరు 1/40లోంచి 1/50 తీసేశారు, అందుకే ఎన్ (రెండు వాలుల తేడా) 0.005 అయ్యి, హెడ్‌లైట్ లెక్కలో (రాత్రి హెడ్‌లైట్ వెలుగులో రోడ్డు చాలినంత దూరం కనిపించాలని చేసే లెక్క) పొడవు మైనస్ 900 మీటర్లు చూపిస్తోంది. దిగే వాలు మైనస్, ఎక్కే వాలు ప్లస్, కాబట్టి వాటి తేడా అంటే రెండూ కలవడమే: 0.025 + 0.020 = 0.045.

1. కంఫర్ట్ పొడవు (ప్రయాణికులకు కుదుపు తెలియకుండా ఉండే పొడవు): వేగం సెకనుకు 22.22 మీ., సి (త్వరణం మారే రేటు) 0.6. 2√(ఎన్ × వేగం³ ÷ సి) = 57.4 మీ.

2. హెడ్‌లైట్ పొడవు: ఎస్ (బండి ఆపడానికి ముందు కనిపించాల్సిన దూరం) 120 మీ. ఎస్ కంటే ఎల్ (వంపు పొడవు) ఎక్కువ అనుకుని చేస్తే ఎన్ × ఎస్² ÷ (1.5 + 0.035 ఎస్) = 113.7. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగకండి, 113.7 అనేది 120 కంటే తక్కువ, అంటే మనం అనుకున్నదే తప్పు, ఎస్ కంటే ఎల్ తక్కువైనప్పుడు వాడే రెండో సూత్రానికి వెళ్లాల్సిందే: 2 ఎస్ − (1.5 + 0.035 ఎస్) ÷ ఎన్ = 113.3. ఇక్కడ తేడా చిన్నదే, కానీ ఎన్ 0.03 ఉంటే 75.8 కాస్తా 50 అవుతుంది.

3. రెంటిలో పెద్దది తీసుకుని 115 మీ. పెట్టుకోండి.

అన్నట్టు, సింపుల్ పారాబోలా అయితే అడుగు బిందువు మధ్యలో ఉండదు, మొదలు నుంచి 115 × 0.025 ÷ 0.045 = 63.9 మీ. దగ్గర వస్తుంది. డ్రెయిన్ జాలీ అక్కడే పెట్టండి, హైదరాబాద్ అండర్‌పాస్‌లలో ఒక్క వానకే నీళ్లు ఎలా నిలుస్తాయో చూస్తూనే ఉన్నాం.