కలివి కోడి కోసం వెళ్తున్న అల్లుడికి

చిరంజీవి సుబ్బుకు, మామ ఆశీస్సులు.

కడప జిల్లా లంకమల అభయారణ్యంలో వాచర్‌గా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. కలివి కోడిని ఎట్లా కనిపెట్టాలో మామనడగమన్నావంట. ముందు ఆ ఆరాటం తగ్గించుకో. నీకు పిట్ట ఒక్కసారీ కనబడకపోయినా ఉద్యోగానికి లోటు లేదు. అది తిరిగే నేల పాడైతేనే లోటు.

ఊళ్లలో దాని ఇంగ్లీషు పేరుతో, జెర్డాన్స్ కోర్సర్ అని అడిగితే నీ మొహం చూసి నవ్వుతారు. నమూనా సంపాదించిన డాక్టరు పేరు మీద అది పుస్తకాల్లోకి ఎక్కింది, 1848 నాటి మాట. నువ్వు మాత్రం కలివి పొదల్లో తిరిగే కోడి అనే అడుగు. 1900 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న పిట్ట ఇది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు బొమ్మ పట్టుకుని ఊరూరా అడిగితేనే, 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రిపూట దాన్ని పట్టి చూపించాడు. పట్టుకున్నది బతకలేదు పాపం. అందుకే చెబుతున్నా, ఎదురుగా వచ్చి నిలబడ్డా చెయ్యి చాపొద్దు.

పొద్దు మునిగిన ముప్పావు గంటకు అరుస్తుంది. కూత రెండు ముక్కలే, అదీ కాసేపే. ఆ టైముకి ముందే పోయి కూర్చో, ఫోన్ ఆపెయ్. రికార్డు చేసిన కూతను పదేపదే వినిపించి దాన్ని టెన్షన్ పెట్టకు. మొన్న 2025లో చాలా ఏళ్లకు మళ్లీ దాని కూత దొరికిందని పేపర్లో చూసే ఉంటావు. నీకు వినబడితే ఆఫీసులో చెప్పు, వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకు.

పొదల మధ్య పిట్టల అడుగులు పడేందుకు మెత్తటి మట్టి పరిచిన పట్టీలు ఉంటే వాటిని తెల్లారగానే చూడాలి. ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడే గుర్తులు తేలతాయి, పొద్దెక్కితే ఏమీ ఆనదు. మూడు వేళ్ల అడుగు కనబడగానే ఎగిరి గంతేయకు, తీతువు అడుగూ ఇంచుమించు అట్లాగే పడుతుంది. పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి పెద్దవాళ్లకు చూపించు.

అన్నిటికన్నా కష్టమైన పని మనుషులతోనే. ముళ్లపొదలు, మధ్యమధ్యలో బోడి నేల, చూసేవాళ్లకు అది ఉత్త బీడు. చదును చేసి నిమ్మతోట వేద్దామని ఒకరు, చెట్లు నాటి పచ్చగా చేద్దామని ఇంకొకరు వస్తారు. ఇద్దరూ ఈ పిట్టకు శత్రువులే. అడవి దట్టమైతే అది ఉండదు, పొదలన్నీ నరికేసినా ఉండదు. ఈ పిట్ట కోసమే తెలుగుగంగ కాలువ దారి మార్చారని వాళ్లకు చెప్పు, ఆలోచిస్తారు. జీవాలు మేపేవాళ్ల మీద మాత్రం ఊరికే కేకలేయకు. కొద్దిపాటి మేతతో ఆ నేల తెరిపిగా ఉంటుంది, శ్రుతి మించితేనే చేటు. పైగా ఏ మూల ట్రాక్టరు దిగినా నీకు ముందు చెప్పేది వాళ్లే.

మంచి బూట్లు కొనుక్కో. చెప్పులతో రేగుముళ్లలో తిరగలేవు. డబ్బు తక్కువైతే మీ అత్తనడుగు, నన్ను కాదు.

ఇట్లు,
మీ మామ