పాత బోటు మోటారు: బల్బు నొక్కితేనే ఎత్తుకుంటున్నదా?

మోటారు పెట్రోలు పైపుల గాలి గుంజుతున్నది తమ్మీ, కార్బురేటర్ మీద పడకు. సోమశిల రేవు దాటి థ్రాటిల్ పెంచంగనే దగ్గుతది, పైపు మధ్యల రబ్బరు బల్బు నొక్కితే మళ్ళీ ఎత్తుకుంటది అన్నవు గదా, అదే గుర్తు. ప్లగ్గులు మళ్ళీ కొనకు, దండుగ.

1. ట్యాంకు మూత మీది గాలి స్క్రూ తెరిచి ఉందా చూడు. మూసి ఉంటే లోపల వాక్యూమ్ పట్టి పెట్రోలు రాదు.

2. అందరూ వదిలేసేది ఇది: పైపును మోటారుకు తగిలించే కనెక్టర్‌ల చిన్న ఓ-రింగ్, అంటే గుండ్రటి రబ్బరు రింగు. పాతబడితే గట్టిపడి చీలుతది. ఆ పైపుల పెట్రోలును పంపు గుంజుకుంటది. అందుకే మోటారు నడిచేటప్పుడు చుక్క బయటికి కారదు, గాలే లోపలికి పోతది. తడి కనపడదు కాబట్టి మెకానిక్కులు గూడ బాగుందనే అంటరు. పంపుకు ముందు జానెడు పారదర్శక పెట్రోలు పైపు పెట్టి నడుపు. బుడగలు వస్తే ఓ-రింగ్, క్లిప్పులు మార్చు. అయినా వస్తే పైపు, బల్బు మొత్తం మార్చు.

3. బుడగలు లేకుంటే ఫ్యూయల్ పంపు డయాఫ్రం, అంటే పంపు లోపలి పల్చటి రబ్బరు పొర, చూడు. ఇప్పటి ఇథనాల్ కలిపిన పెట్రోలుకు పాత రబ్బరు ఆగదు.

బాగయ్యేదాక ఫుల్ థ్రాటిల్ వద్దు. టూ స్ట్రోక్‌కు ఆయిల్ పెట్రోలుతోనే పోతది, పెట్రోలు తగ్గితే పిస్టన్ పట్టేస్తది.

పరీక్ష నీళ్ళ డ్రమ్ముల కాదు, బోటుకు కట్టి లోడు మీద చెయ్యి. లోడు లేకుండ మెల్లగ తిరిగే ఐడిల్‌ల ఈ లోపం బయటపడదు.