తెర మీద లేని రోడ్డు గురించి చెప్పు

తార్నాక, హైదరాబాద్

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

సైకిల్ రేసులకి తెలుగు కామెంటరీ చెప్పమని ఛానల్ వాళ్లు నిన్ను అడిగారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం వేసింది. కబడ్డీకి నువ్వు చెప్పిన కామెంటరీ విన్నాను. గొంతులో ఊపు ఉంది, మాటకి తడుముకోవు. కానీ అదే ఊపుతో సైకిల్ రేసులోకి దిగితే గంటలో గొంతు పోతుంది. వినేవాళ్లు అంతకుముందే సౌండ్ తీసేస్తారు. కబడ్డీలో ఒక రైడ్ 30 సెకన్లు. ఫ్రాన్స్‌లో ఏటా జరిగే పెద్ద సైకిల్ రేసు టూర్ డి ఫ్రాన్స్‌లో ఒక్కో రోజు రేసు మామూలుగా నాలుగైదు గంటలు సాగుతుంది, అలాంటి రోజులు 21. అందులో మొదటి రెండు మూడు గంటలు చూసేవాళ్లకి ఏమీ జరగనట్టే ఉంటుంది. నిజానికి అప్పుడే చాలా జరుగుతుంది. దాన్ని వాళ్లకి అందేలా చేయడమే నీ పని.

మన ఉస్మానియా యూనివర్సిటీ వెలోడ్రోమ్‌లో, అంటే సైకిళ్ల కోసం కట్టిన గుండ్రటి ట్రాక్ మీద, రేసు అయితే ఒక్కచోట కూర్చుంటే చాలు, మొదటివాడి నుంచి చివరివాడి దాకా అందరూ కళ్ల ముందే తిరుగుతారు. రోడ్డు రేసు అలా కాదు. నూటయాభై మందికి పైగా రైడర్లు కిలోమీటర్ల పొడవునా చెదిరిపోతారు. మోటార్‌సైకిళ్ల మీదా హెలికాప్టర్‌లోనూ ఉన్న కెమెరాలు ఒక్కసారికి అందులో ఒక ముక్కనే చూపిస్తాయి. నువ్వు ఇక్కడ స్టూడియోలో కూర్చుని, ఇంట్లోవాళ్లు చూసే ఆ బొమ్మనే చూస్తూ మాట్లాడాలి. కనిపిస్తున్నదాన్ని మళ్లీ వర్ణించడం రేడియోలో అవసరం. నేను రేడియోలోనూ టీవీలోనూ చేశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను, టీవీలో అది పనికిరాదు. ఆ క్షణంలో తెర మీద లేని రోడ్డు గురించి నువ్వు చెప్పాలి. ముందు ఎవరున్నారు, వెనకవాళ్లకి ఎంత తేడా ఉంది, ఇంకా ఎన్ని కిలోమీటర్లు మిగిలాయి. ఈ మూడూ తెలియకుండా చూసేవాడిని ఐదు నిమిషాలు కూడా వదిలేయకు. టీవీ ఎప్పుడు పెట్టినా వాడికి ఒక్క నిమిషంలో రేసు అర్థం కావాలి.

ఈ లెక్క ఎంత ముఖ్యమో టోక్యో ఒలింపిక్స్ మహిళల రోడ్డు రేసు చూస్తే తెలుస్తుంది. 2021 జూలై 25న జరిగింది. రికార్డింగ్ దొరికితే మొదటి నుంచి చివరిదాకా చూడు. ఆస్ట్రియాకి చెందిన అన్నా కీసెన్‌హోఫర్ రేసు మొదలవగానే మరికొందరితో కలిసి ముందుకు వెళ్లిపోయింది. ఆమె గణితంలో డాక్టరేట్ చేసిన మనిషి, ఏ ప్రొఫెషనల్ టీమ్‌లోనూ లేదు. 40 కిలోమీటర్లు మిగిలి ఉండగా తోడున్నవాళ్లని కూడా వదిలేసి ఒంటరిగా సాగింది. వెనక డచ్ టీమ్‌లో పేరున్న చాంపియన్లు ఉన్నారు. ఒలింపిక్స్‌లో టీమ్ రేడియోలు ఉండవు, అంటే ముందు ఎవరున్నారో రైడర్ చెవిలో చెప్పేవాళ్లు ఉండరు. ముందున్నవాళ్లలో ఇద్దరిని చివర్లో పట్టుకోగానే, అందరినీ పట్టేశామని వాళ్లు అనుకున్నారు. అనెమీక్ వాన్ ఫ్లూటెన్ గీత దాటి, గెలిచాననుకుని చేతులు పైకెత్తింది. అప్పటికి కీసెన్‌హోఫర్ గీత దాటి 75 సెకన్లు అయింది.

రైడర్లే లెక్క తప్పిన రోజది. అలాంటి రోజు మైకు ముందున్న మనిషి లెక్క తప్పితే ఇంట్లో కూర్చున్నవాళ్లకి ఏమీ మిగలదు. లెక్క తప్పని వాళ్లు మాత్రం ఆ చివరి అరగంటంతా ఊపిరి బిగబట్టి చూడగలిగారు. వాన్ ఫ్లూటెన్‌కి తెలియనిది మనకి తెలుసు కాబట్టి ఆ చేతులెత్తడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. అందుకే పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకో. ముందుకెళ్లిన ప్రతి పేరూ రాసుకో, పట్టుబడిన ప్రతి పేరూ కొట్టెయ్. తెర మీద గ్రాఫిక్ వస్తుందిలే అని ఊరుకోకు, అది మాయమైన సమయంలోనే నీ అవసరం.

ఫ్రాన్స్‌లో రోబేర్ షపాట్ అని ఒకాయన ఉండేవాడు. టూర్ తొక్కినవాడే, తర్వాత టీవీ కామెంటేటర్ అయ్యాడు. ముందుకెళ్లినవాడు గెలవాలంటే మిగిలిన ప్రతి 10 కిలోమీటర్లకీ ఒక నిమిషం ఆధిక్యం ఉండాలన్నది ఆయన పేరుతోనే నిలిచిపోయిన సూత్రం. 30 కిలోమీటర్లు ఉండగా రెండు నిమిషాలే ఉంటే పట్టుబడే అవకాశమే ఎక్కువ. నాలుగుంటే వెనకవాళ్లకి టెన్షన్ మొదలవుతుంది. ప్రతిసారీ ఇలాగే జరగదు, కానీ చూసేవాడి చేతికి ఒక కొలత దొరుకుతుంది. కొలత దొరికితే వాడు కూడా నీతోపాటు లెక్కపెట్టడం మొదలుపెడతాడు. ఇక ఛానల్ మార్చడు.

తర్వాత గాలి. గుంపుగా ఎందుకు తొక్కుతారో మనవాళ్లలో చాలామందికి తెలియదు, దాన్ని విసుగు లేకుండా రోజూ చెప్పాలి. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ వెళ్తే, వాడి వెనక నక్కి తొక్కేవాడికి శ్రమ దాదాపు మూడో వంతు తగ్గుతుంది. నమ్మకం లేకపోతే ఒక సాయంత్రం గండిపేట చెరువు పక్కన ఎదురుగాలిలో నీ స్నేహితురాలి చక్రం వెనకే తొక్కి చూడు, ఆ తర్వాత నువ్వు ముందుకి వెళ్లు. ఆ తేడా ఒంటికి తెలిశాక మాటలు వాటంతటవే వస్తాయి. నాయకుడి కోసం రోజంతా గాలికి ఎదురొడ్డి, చివర్లో వెనకబడిపోయే రైడర్ల పేర్లు చెప్పు. గెలిచినవాడి పేరు ఎలాగూ అందరూ చెబుతారు.

పక్కగాలి ఇంకా ప్రమాదం. గుంపు ఏటవాలు వరసలుగా విడిపోతుంది, ఒక వరసలో చోటు దొరకనివాడు పోయినట్టే. 2013 టూర్‌లో 13వ రోజు దారి అంతా చదును. చూసేవాళ్లు కునికిపాట్లు పడాల్సిన రోజు. పక్కగాలికి గుంపు ముక్కలైంది. అన్ని రోజుల టైమూ కలిపితే రెండో స్థానంలో ఉన్న అలెహాంద్రో వాల్వెర్దే సైకిల్ చక్రం పాడై ఆగాడు, తిరిగి గుంపుని అందుకోలేక దాదాపు 10 నిమిషాలు పోగొట్టుకున్నాడు. చివరి 30 కిలోమీటర్లలో అల్బెర్టో కొంటడోర్ టీమ్ ఒక్కసారిగా వేగం పెంచితే, పసుపు జెర్సీలో, అంటే మొత్తం టైములో మొదటి స్థానంలో, ఉన్న క్రిస్ ఫ్రూమ్ కూడా 1 నిమిషం 9 సెకన్లు నష్టపోయాడు. రేసుకి ముందు గాలి ఎటు నుంచి వీస్తోందో, రోడ్డు ఏ ఊరి దగ్గర తిరుగుతుందో మ్యాప్‌లో చూసుకున్న కామెంటేటర్ మాత్రమే, పది నిమిషాల్లో ఇక్కడేదో జరగబోతోంది అని చెప్పగలుగుతాడు. జరిగాక అరవడం ఎవరైనా చేస్తారు.

ఒక్కదానివే కూర్చోకు. పక్కన రేసులు తొక్కిన మనిషి ఉండాలని ఛానల్‌ని పట్టుబట్టు. ఇంగ్లిష్‌లో ఫిల్ లిగెట్, పాల్ షెర్వెన్ ఏళ్ల తరబడి జంటగా చెప్పారు. షెర్వెన్ ఏడు టూర్లు తొక్కినవాడు. లిగెట్ జరిగేది చెబితే షెర్వెన్ ఎందుకు జరిగిందో చెప్పేవాడు. ఆ హద్దు మీ ఇద్దరి మధ్యా ముందే తేల్చుకోండి, ఒకరి మాట మీద ఒకరు పడొద్దు. మన వెలోడ్రోమ్‌లో తొక్కి మాట తీరున్న కుర్రాళ్లూ అమ్మాయిలూ ఉన్నారు, వెళ్లి అడుగు.

మనుషుల్ని గుర్తుపట్టడం మాత్రం నువ్వే నేర్చుకోవాలి. 1987 టూర్‌లో లా ప్లాన్యు కొండ మీద పెడ్రో డెల్గాడో ముందు, స్టీఫెన్ రోష్ చాలా వెనక. గీత దగ్గర వెనకనుంచి ఎవరో వస్తున్నారు. అది రోషే అని లిగెట్ నమ్మలేనంత ఆశ్చర్యంతో గుర్తుపట్టాడు. తేడా 4 సెకన్లే. ఆ ఏడాది టూర్ రోష్‌దే. నంబర్లు ఎప్పుడూ కనబడవమ్మా. భుజాలు ఊపే తీరు, తల వంచే తీరు, హెల్మెట్, బూట్ల రంగు చూసి చెప్పగలగాలి. పేర్లు ఆ దేశం వాళ్లు ఎలా పలుకుతారో వాళ్ల ఇంటర్వ్యూల్లో విని నేర్చుకో.

కోటలూ చర్చీలూ హెలికాప్టర్ షాట్‌లో వస్తాయి. రెండు వాక్యాలు చెప్పి రేసులోకి వచ్చెయ్.

పడిపోయినప్పుడు ఏం చేయాలన్నది ఇప్పుడే నిర్ణయించుకో, ఆ క్షణంలో ఆలోచించే వీలుండదు. 1995 టూర్‌లో పిరనీస్ కొండల దిగుడులో పడి ఇటలీ రైడర్ ఫాబియో కసార్తెల్లి చనిపోయాడు. 1992 ఒలింపిక్ చాంపియన్, వయసు 24. పడ్డవాళ్ల ఇంట్లోవాళ్లు కూడా టీవీ చూస్తుంటారని మర్చిపోకు. గొంతు తగ్గించు. ఎంత దెబ్బ తగిలిందో ఊహించకు, అధికారికంగా తెలిసేదాకా ఒక్క ముక్క కూడా చెప్పకు. రేసు లెక్క చెప్పొచ్చు: చదును రోజున చివరి 3 కిలోమీటర్లలో పడితే, తనున్న గుంపు టైమే అతనికి ఇస్తారు. కొన్ని రోజులు ఆ దూరాన్ని పెంచుతారు కూడా. అది చెప్పి ఊరుకో.

పొగడ్తల దగ్గర కూడా జాగ్రత్త. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ని దేవుడిలా మోసిన గొంతులు చాలా ఉన్నాయి. 2012లో డోపింగ్ కేసులో అతని ఏడు టూర్ టైటిళ్లూ తీసేశారు. చూసింది చెప్పు, ఎంత టైమ్‌లో ఎక్కాడో చెప్పు. మనిషి గొప్పతనానికి నువ్వు హామీ పడకు.

ఇక ముగింపు. 1989 టూర్ చివరి రోజు 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరుగా బయల్దేరి గడియారంతో పోటీపడే రేసు. అప్పటిదాకా మొత్తం టైములో లోరాన్ ఫిన్యోఁ కంటే గ్రెగ్ లెమాండ్ 50 సెకన్లు వెనక. లెమాండ్ ముందే తొక్కేసి ఆగి చూస్తున్నాడు, ఫిన్యోఁ వస్తున్నాడు, గడియారం తిరుగుతోంది. ఆ రోజు ఫిన్యోఁకి 58 సెకన్లు ఎక్కువ పట్టాయి. టూర్ మొత్తం 8 సెకన్లతో చేతులు మారింది. ఏ అంకె దాటితే ఫిన్యోఁ ఓడిపోతాడో ముందే స్పష్టంగా చెప్పి ఉంటే, ఆ అంకె దాటే క్షణంలో మాట అక్కర్లేదు. అక్కడ నోరు మూసుకునే ధైర్యం కావాలి. గీత దాటాక కూడా ఐదు సెకన్లు జనం గోలని విననివ్వు.

రేసు రోజు చల్లటి నీళ్లు తాగకు, గోరువెచ్చటివి ఫ్లాస్క్‌లో తీసుకెళ్లు. ఆదివారం మా ఇంటికి రా. టోక్యో రేసు పెట్టి సౌండ్ తీసేద్దాం, చివరి 60 కిలోమీటర్లు నువ్వు చెప్పు, నేను పక్కన కూర్చుని తేడాలు రాస్తాను. తర్వాత నీ నోట్‌బుక్కూ నాదీ సరిచూసుకుందాం.

నీ మావయ్య