రెండో పేజీ గురించి

బాబూ,

ప్రభువు నామంలో వందనాలు. నువ్వు పంపిన వ్యాసం ఫోన్‌లో చదవడం నా కళ్ల వల్ల కాలేదు. మనవరాలి చేత ప్రింటు తీయించుకుని, పెన్సిలు పుచ్చుకుని కూర్చున్నాను. టీచరుగా చేసిన చెయ్యి కదా, పెన్సిలు లేకపోతే చదివినట్టే ఉండదు.

మొదటి పేజీ మీద ఒక్క గీత కూడా పెట్టలేదు. 2023 నవంబరులో మన విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో ఒక్క రాత్రిలో దాదాపు 40 బోట్లు కాలిపోయాయని పేపర్లో అందరం చదివాం. వేటకని నింపుకున్న డీజిలు, వంటకని పెట్టుకున్న గ్యాస్ బండలు మంటను పెంచాయనీ తెలుసు. నువ్వు మాత్రం ఒడ్డున నిలబడి, బండ పేలినప్పుడల్లా అది ఎవరి బోటో చప్పుడు వచ్చిన దిక్కును బట్టి పోల్చుకుంటున్న కళాసీని చూపించావు. అది ఏ పేపర్లోనూ రాలేదు. నీకు రాసే చెయ్యి ఉంది, అందులో నాకు అనుమానం లేదు.

పేజీ తిప్పగానే "ఈ అగ్ని మన విశ్వాసాన్ని పుటం వేసింది" అన్నావు. అక్కడి నుంచి చివరిదాకా పెన్సిలు గీతలే. ఎవరి విశ్వాసం, బాబూ? కాలింది వాళ్ల బోటు, పుటం పడిందంటున్నది నువ్వు. అసలు ఆ కళాసీ మన గుడికి వచ్చేవాడేనా? ఎక్కడా చెప్పలేదు. గంగమ్మకు మొక్కుకునేవాడైతే "మన" అన్న మాటే చెల్లదు. అతను తన నోటితో ఆ మాట అని ఉంటే తప్పకుండా రాయి, నేను కూడా రెండుసార్లు చదువుతాను. నువ్వంటే అది ప్రసంగం. అదీ ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని చేసింది.

"మరి దేవుడి ఉద్దేశం గురించి మాట్లాడొద్దా?" అని అడుగుతావని తెలుసు. సిలోయములో గోపురం కూలి 18 మంది చచ్చిపోయిన సంగతి యేసే ఎత్తాడు. వాళ్లు యెరూషలేములో అందరికంటే పెద్ద పాపులనుకుంటున్నారా, కాదన్నాడు. మారుమనస్సు మాట వింటున్నవాళ్లకు చెప్పాడు గాని, గోపురం ఎందుకు కూలిందో చెప్పలేదు. లూకా సువార్త 13వ అధ్యాయంలో ఎంత వెతికినా ఆ కారణం దొరకదు. ఆయనే చెప్పనిది నీ రెండో పేజీలోకి ఎక్కడి నుంచి వచ్చింది?

వెలుగు మీద రాయాలనుంటే యోహాను సువార్త 9వ అధ్యాయం పక్కన పెట్టుకుని రాయి. కొండమీది పట్టణం, దీపస్తంభం మీద దీపం, బైబిల్లోని ఈ పోలికల్ని కొన్నాళ్లు వదిలెయ్. మన ఊళ్లో రాస్ హిల్ ఉంది, డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌస్ ఉంది, కాబట్టి మనవాళ్లకు అవి మరీ సులువుగా చేతికందుతాయి. క్రిస్మస్ సంచికకు వచ్చే కవితల్లో సగం ఆ లైట్‌హౌస్ ఎక్కి దిగేవే.

ఆ అధ్యాయం మొదలు చూడు. పుట్టుగుడ్డివాడు దారిలో కనబడితే శిష్యులు వాణ్ణి పలకరించలేదు. వీడు ఇలా పుట్టడానికి ఎవరు పాపం చేశారని చర్చ మొదలుపెట్టారు, వాడి ముందే. గుడ్డివాడే గాని చెవిటివాడు కాదుగా! వీడూ కాదు, వీడి కన్నవాళ్లూ కాదు అన్నాడు యేసు. దేవుని క్రియలు వీడిలో కనబడాలన్నాడు, నిజమే. "లోకమునకు వెలుగును" అని కూడా అక్కడే అన్నాడు. ఆ మాట అన్న వెంటనే ఏం చేశాడు? నేలమీద ఉమ్మి, బురద చేసి, వాడి కళ్లకు పూశాడు. వెలుగు అన్న మాటకూ బురదకూ మధ్య ఇంకో వాక్యం లేదు. తర్వాత ఏ కోనేటికి వెళ్లి కడుక్కోవాలో పేరు పెట్టి చెప్పాడు. నీ వ్యాసంలో వెలుగు మాట పదకొండు చోట్ల ఉంది. బురద మొదటి పేజీతోనే ఆగిపోయింది.

మా స్త్రీల సమాజం వాళ్లం కేజీహెచ్‌కు, అదే కింగ్ జార్జ్ ఆసుపత్రికి, వెళ్తుంటాం. 1923 నాటి ఆసుపత్రి. శ్రీకాకుళం నుంచి, ఏజెన్సీ నుంచి, ఒడిశా నుంచి కూడా వస్తారు. రోగి లోపల, వచ్చినవాళ్లు వరండాలో చాప మీద, పక్కన ఫ్లాస్కు, ప్లాస్టిక్ బుట్ట. (బ్రెడ్డు పంచి, మంచం పక్కన నిలబడి ఫోటో దిగే వాళ్ల గురించి ఇంకో ఉత్తరం రాస్తాను, ఇప్పుడు బీపీ పెంచుకోను.) ఒకసారి పాడేరు వైపు నుంచి వచ్చిన ముసలావిడ దగ్గర పాట ఎత్తుకున్నాం. రెండు చరణాలు ఓపిగ్గా విని, "అమ్మా, పాట బాగుంది గాని, మనవడికి ఎక్స్‌రే ఎక్కడ తీస్తారో ముందు చూపిస్తారా" అంది. మాలో ఒకామె పాట ఆపి ఆవిడ వెంట వెళ్లింది. ఓపీ చీటీ, ఎటు చూపిస్తున్నాయో తెలియని బాణం గుర్తులు, మందుల కౌంటర్ దగ్గర లైను, చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక చేత్తో పట్టుకున్న ఆవిడ. ఆ నడకను నువ్వు రాయగలవు. పాట ఎవరైనా రాస్తారు.

ఓదార్పుకు తొందరపడొద్దు. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరు 12 ఆదివారం నీకు గుర్తుండే ఉంటుంది, చిన్నవాడివైనా. మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి పడిపోయింది. అయిపోయిందనుకుని జనం వీధిలోకొచ్చి కూలిన చెట్లు చూస్తున్నారు. అది తుపాను కన్ను. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలైంది. తొందర ఓదార్పు ఆ మధ్యాహ్నం లాంటిది, మనిషిని బయటికి రప్పించి వదిలేస్తుంది. 88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది, చూశావా? ఆఖర్న స్తోత్రం లేదు. అయినా దాన్ని బైబిల్లోంచి ఎవరూ తీసెయ్యలేదు.

సంతోషం సంగతి. దాన్ని చివరి పేరాలో తెచ్చిపెట్టకు. బాధపడే మనిషి దగ్గరే ఎక్కడో ఉంటుంది, మొదటి నుంచీ కనిపెట్టుకుని ఉండు. యోహాను 9లో నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఆ చూపొచ్చినవాడి నోరు. మతపెద్దలైన పరిసయ్యులు అడిగిందే అడుగుతుంటే, "మీరు కూడా ఆయన శిష్యులవుదామనా ఏమిటి?" అన్నాడు. నిన్నటిదాకా అడుక్కు తిన్నవాడు! హుద్‌హుద్ తర్వాత కరెంటు లేని రోజుల్లో ఒక గుడి ఆవరణలో జనరేటరు పెట్టి, ఎవరొచ్చినా ఫోన్ ఛార్జింగ్ పెట్టుకోమన్నారు. ఏ మతమని అడగలేదు. ఒకావిడ దుబాయ్‌లో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి, "అందరం బాగున్నాం గాని మామిడి చెట్టు నీ బండి మీద పడింది. చెట్టుకేం కాలేదు" అంది. లైన్లో ఉన్నవాళ్లందరూ నవ్వారు. అన్ని రోజుల తర్వాత అదే మొదటి నవ్వు. ఇలాంటివి పోగెయ్, బాబూ.

పుస్తకం ఎప్పుడు వేద్దామని అడిగావు. 1805లో లండన్ మిషన్ వాళ్లు ఇద్దరు, క్రాన్, డెగ్రాంజెస్, ఈ ఊరు వచ్చి తెలుగు నేర్చుకుని, ఆనందరాయరు అనే ఆయన సాయంతో సువార్తలు తెలుగులోకి తెస్తూ కూర్చున్నారు. 1810 నాటికి ఇద్దరూ చనిపోయారు. మూడు సువార్తలు బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1812లో. నీకు పాతికేళ్లు కూడా లేవు, ఆగు.

ఇప్పుడు ఆ రెండో పేజీ తీసేసి మళ్లీ హార్బరుకు వెళ్లు. ఆ కళాసీ తర్వాత ఎవరి బోటు ఎక్కాడు? ఏప్రిల్ 15న వేట నిషేధం వచ్చేలోగా ఎన్ని ట్రిప్పులు దొరికాయి? జూన్ 14 దాకా ఇల్లు ఎలా నడిచింది? వేటలో ఉన్నప్పుడు వంట ఎవరు చేస్తారు, గ్యాస్ బండ ముట్టుకోవడానికి ఇప్పుడు చెయ్యి వస్తోందా? ఇవి అడుగు, నోట్‌బుక్ బయటికి తియ్యకుండా అడుగు. ప్రార్థన చెయ్యమంటే చెయ్యి. అడక్కపోతే టీ తాగి వచ్చెయ్.

ప్రభువునందు,
మీ టీచర్