వంద గజాల దగ్గరే మొదలుపెట్టు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. యాక్షన్ (తూటాను లోపలికి నెట్టి పేల్చే భాగం) ఒకచోట, బ్యారెల్ ఒకచోట, స్టాకు మరోచోట ఏరుకొచ్చి, గన్‌స్మిత్ చేత కూర్పించుకున్న రైఫిల్ కదా, ముచ్చటగానే ఉంది. ఇప్పుడు జీరో, అంటే గురిపెట్టిన చోటే తూటా తగిలే దూరం, వంద గజాలకు పెట్టుకోవాలా, రెండు వందలకా అని అడిగావు. వందకు పెట్టు. ఉత్తరం ఇక్కడితో ఆపేయవచ్చు కానీ రేంజ్‌లో నలుగురు నాలుగు రకాలుగా చెబుతారు, నువ్వు నాలుగోవాడి మాట విని వస్తావు. అందుకే కారణాలు కూడా రాస్తున్నాను.

స్కోపులోంచి నీ చూపు తిన్నగా పోతుంది. తూటా అలా పోదు. బ్యారెల్ నుంచి బయటపడిన క్షణం నుంచే భూమి దాన్ని కిందికి లాగుతుంది. పైగా స్కోపు బ్యారెల్ మీద ఒకటిన్నర అంగుళం ఎత్తున కూర్చుని ఉంటుంది కాబట్టి తూటా నీ చూపుకు కింద బయలుదేరి, పైకి వచ్చి చూపును కలుసుకుని, మళ్లీ దిగిపోతుంది. జీరో దూరం ఎంచుకోవడం అంటే ఆ కలయిక ఎక్కడ జరగాలో నిర్ణయించుకోవడం, అంతే.

నీది 6.5 క్రీడ్‌మోర్ రకం తూటా వాడే రైఫిల్. 143 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) తూటా సెకనుకు 2700 అడుగుల వేగంతో వెళుతుందనుకుందాం. వంద గజాల జీరోతో రెండు వందల దగ్గర దాదాపు నాలుగు అంగుళాలు, మూడు వందల దగ్గర పదమూడు, పద్నాలుగు అంగుళాలు కిందికి తగులుతుంది. రెండు వందల జీరో పెడితే వంద దగ్గర సుమారు రెండంగుళాలు పైకి, మూడు వందల దగ్గర ఎనిమిది అంగుళాలు కిందికి. జింక గుండె, ఊపిరితిత్తుల చోటును ఎనిమిది అంగుళాల పళ్లెం అనుకుని మధ్యలో గురిపెడితే, రెండు వందల జీరోతో దాదాపు 260 గజాల వరకు ఏ సవరణా లేకుండా కొట్టవచ్చు. వంద జీరోతో ఆ హద్దు రెండు వందల దగ్గరే ఆగిపోతుంది. అంటే అరవై గజాలు కలిసొస్తాయి. రెండు వందలు పెట్టమనేవాళ్ల వాదన ఇదే, అది తప్పు వాదన కాదు. స్కోపు టరెట్ (గురిని సవరించడానికి తిప్పే గుండీ) ముట్టుకోకుండా వేటాడే పాతకాలపు మనిషికి అదే సుఖం. నేనూ చాలా ఏళ్లు అలాగే వాడాను.

కానీ అది తెలిసిన రైఫిల్‌కు చెల్లే లెక్క. నీ రైఫిల్ ఎలాంటిదో నీకింకా తెలియదు, దాన్ని కూర్చినవాడికీ తెలియదు.

ముందు గాలి సంగతి చూడు. గంటకు పది మైళ్ల అడ్డగాలి నీ తూటాను వంద గజాల దగ్గర అర అంగుళం మాత్రమే నెడుతుంది. రెండు వందల దగ్గర రెండంగుళాల పైచిలుకు, మూడు వందల దగ్గర ఐదు. టెక్సస్‌లో గాలి లేని మధ్యాహ్నం ఎక్కడుంది? రెండు వందల దగ్గర కూర్చుని జీరో చేస్తే, ఆ రోజు వీచిన గాలిని కూడా స్కోపులో కలిపి బిగించేస్తావు. మర్నాడు గాలి దిక్కు మారితే రైఫిల్ చెడిందని నాకు ఫోన్ చేస్తావు. ఎత్తు సవరణ ఎంత దూరంలోనైనా చూసుకో, పక్క సవరణ మాత్రం వంద దాటి చెయ్యవద్దు.

తర్వాత బ్యారెల్. కొత్త బ్యారెల్ మొదటి వంద, నూట యాభై తూటాల్లో కాస్త వేగం పుంజుకోవడం చాలామంది షూటర్లు చూసిందే. సెకనుకు యాభై అడుగులు పెరిగిందనుకో. వంద గజాల దగ్గర దాని ప్రభావం అంగుళంలో పదో వంతు, కంటికి ఆనదు. మూడు వందల దగ్గర దాదాపు అంగుళం. దూరం పెరిగేకొద్దీ అది ముదురుతుంది. ఎండ, చలి, ఎత్తు కూడా అంతే. రేపు కొలరాడో కొండల్లో ఎల్క్ వేటకు వెళ్లినా నీ వంద గజాల జీరో ఇంచుమించు అలాగే ఉంటుంది. దూరపు లెక్కలు మారితే అవి ఫోనులోని బాలిస్టిక్ యాప్‌లో మార్చుకుంటావు, స్కోపులో కాదు.

వందలో నాకు నచ్చిన గుణం ఇంకొకటి ఉంది. ఈ జీరోతో నీ తూటా చూపును దాటి పైకి లేవదు, కింద నుంచి వచ్చి దాన్ని రాసుకుంటూ వెళుతుంది. అరవై గజాల నుంచి నూట ఇరవై దాకా తేడా అంగుళంలో మూడో వంతు లోపే. కాబట్టి దూరం ఎక్కువైతే పైకి సవరించడమే తప్ప, కిందికి గురిపెట్టాల్సిన అవసరం రాదు. జింక ఎదురుగా నిలబడి ఉండగా, గుండె దడదడలాడుతున్నప్పుడు ‘పైకా, కిందికా’ అన్న ప్రశ్న లేకపోవడం ఎంత హాయో ఈ నవంబరులో నీకే తెలుస్తుంది.

మీ స్నేహితుడెవరో 25 మీటర్లు, 36 గజాలు, 50కీ 200కీ రెండింటికీ కుదిరే జీరో అని ఏవో చెప్పాడన్నావు. అవి సైనిక రైఫిళ్ల లెక్కలు. ఆ తుపాకుల మీద చూపు బ్యారెల్‌కు రెండున్నర అంగుళాల ఎత్తున ఉంటుంది, తూటా వేరు, అవసరం వేరు. వాటిని తెచ్చి నీ బోల్ట్ రైఫిల్‌కు తగిలించకు.

ఇక పని ఎలా చెయ్యాలో చెబుతాను. ఇక్కడ నా అవమానం ఒకటి చెప్పక తప్పదు. నా రెండో రైఫిల్ కొత్తగా వచ్చినప్పుడు జీరో నిలిచేది కాదు. ఒకసారి కుడికి, ఒకసారి పైకి. తూటాలు బాగాలేవని రెండు పెట్టెలు తగలేశాను, బ్రాండు మార్చాను, చివరికి బ్యారెల్‌నే తిట్టాను. ఆ రోజు పక్క బెంచీ మీదున్న పెద్దాయన లేచి వచ్చి, స్కోపును రెండు వేళ్లతో పట్టుకుని కదిపాడు. కదిలింది. స్కోపు రింగుల కింది బేస్ స్క్రూ ఒకటి వదులుగా ఉంది. నలభై తూటాల ఖరీదులో మంచి టార్క్ రెంచి వచ్చేది. కాబట్టి మొదటి తూటా కాల్చకముందే బేస్ స్క్రూలు, రింగులు, యాక్షన్ స్క్రూలు అన్నీ తయారీదారు చెప్పిన కొలతకు బిగించావా చూసుకో. చేతి అంచనాతో బిగిస్తే కుదరదు. గన్‌స్మిత్ గేజ్‌లు పెట్టి హెడ్‌స్పేస్ (బోల్టుకూ తూటా కూర్చునే గదికీ మధ్య ఉండాల్సిన ఖాళీ) సరిచూశాడా అని కూడా అడుగు. అడగడానికి మొహమాటపడకు, అది నీ కంటికి ఆరంగుళాల దూరంలో పేలే వస్తువు.

బోల్టు తీసి, బ్యారెల్ లోంచి చూస్తూ టార్గెట్‌ను మధ్యకు తెచ్చి, స్కోపును దాని మీదకు తిప్పు. ముందు 25 గజాల దగ్గర రెండు మూడు తూటాలు చాలు. అక్కడ గురికి అర అంగుళానికి కొంచెం ఎక్కువగా కిందికి తగిలితే వంద దగ్గర కాగితం మీద ఉంటావు. చాలామంది 25 దగ్గర నడిబొడ్డున కొట్టేదాకా టరెట్‌ను క్లిక్కు క్లిక్కుగా తిప్పి, వంద దగ్గరికి వెళ్లి పైకి తగులుతోందని ఆశ్చర్యపోతారు.

వంద దగ్గర తొందరపడకు. మూడు తూటాలకోసారి టరెట్ తిప్పేవాడు రోజంతా తన తోకను తానే తరుముతాడు. మూడు రంధ్రాల మధ్యబిందువును నమ్మలేం, ఇంకో మూడు కాలిస్తే అది పక్కకు జరుగుతుంది. స్కోపు ముట్టుకోకుండా ఐదు కాల్చి, బ్యారెల్ చల్లారనిచ్చి, ఇంకో ఐదు కాల్చు. ఆ పదింటి మధ్య ఎక్కడుందో చూసి అప్పుడు సవరించు. మిల్, ఎంఓఏ అనేవి స్కోపులో గురిని సవరించే కోణపు కొలతలు. మిల్ స్కోపులో ఒక క్లిక్ వంద గజాల దగ్గర 0.36 అంగుళం, పావు ఎంఓఏ స్కోపులో 0.26. నీది ఏదో చూసుకుని భాగించు. కాలేజీలో ఎన్‌సీసీ రోజుల్లో పాయింట్ టూ టూ రైఫిల్ ఇచ్చినప్పుడు మా ఉస్తాద్ కూడా ఇదే అనేవాడు, ‘ముందు గ్రూపింగ్ (తూటాలన్నీ ఒకేచోట గుంపుగా పడటం) తీసుకురండి, అది ఎక్కడ పడిందో నేను చూసుకుంటాను’ అని. అప్పుడు మాకు కోపం వచ్చేది, మధ్యలో కొట్టిన ఒక్క తూటానే అందరికీ చూపించుకోవాలనిపించేది.

వేటకు వాడే తూటాతోనే జీరో చెయ్యి. చవకగా దొరికిందని వేరేది కాల్చి, సీజన్‌కు ఇంకోటి పట్టుకెళ్లకు. మరో రోజు పొద్దున చల్లటి బ్యారెల్‌తో ఒక్క తూటా కాల్చి ఎక్కడ పడిందో కాగితం మీద తేదీతో రాసిపెట్టుకో. జింక మీద పేలేది ఆ మొదటి తూటాయే.

ఇవన్నీ అయ్యాక, రెండు వందలు, మూడు వందల దగ్గర యాప్ చెప్పిన సవరణ నిజమవుతోందా చూసుకో. అప్పటికీ నీకు రెండు వందల జీరోయే కావాలనిపిస్తే టరెట్ పైకి తిప్పడమెంత పని? పావు ఎంఓఏ స్కోపులో ఏడెనిమిది క్లిక్కులు, మిల్ స్కోపులో ఐదారు క్లిక్కులు. అయినా టెక్సస్ కొండప్రాంతం హిల్ కంట్రీలో మనం కూర్చునే చోటు నుంచి జంతువులకు మొక్కజొన్న గింజలు చల్లే ఫీడర్ వంద గజాలే ఉంటుంది. తెల్లతోక జింక అక్కడికే వస్తుంది, అడవి పందులైతే పిలవకుండానే వస్తాయి.

గ్రీన్ కార్డు వచ్చాకే ఈ పనికి దిగావు, సంతోషం. నీ రూమ్మేటు ఇంకా వర్క్ వీసా మీదున్నాడు కదా, సరదాకైనా అతని చేతికి ఇవ్వకు. హంటింగ్ లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు తప్పిస్తే ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. హంటర్ ఎడ్యుకేషన్ కూడా పూర్తిచెయ్యి. 1971 సెప్టెంబరు 2కు ముందు పుట్టిన నాలాంటి ముసలివాళ్లకు ఆ నిబంధన లేదు, అయినా నేను కూర్చుని నేర్చుకున్నాను. పక్క కుర్చీలో పన్నెండేళ్ల పిల్ల ఉంది, ఆమెకు నాకంటే ఎక్కువ మార్కులు వచ్చాయి.

జింకల సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. ఈ శనివారం ఉదయం ఏడింటికే రేంజ్‌కు రా, గాలి లేవకముందే పని ముగిద్దాం. చెవుల్లో ప్లగ్గులు, వాటిమీద మఫ్‌లు, కళ్లద్దాలు మర్చిపోకు. టార్క్ రెంచి నేను తెస్తాను.

మీ మామయ్య