యూదు మతంలో ఎవరి మాట చెల్లుతుంది?

పోప్ వంటి సర్వాధికారి లేని యూదు మతంలో పండితులు విభేదించినప్పుడు ఎవరి మాట చెల్లుతుందన్న ప్రశ్నకు, క్రీ.శ. 1వ శతాబ్దం నాటి హిల్లెల్, షమ్మాయ్ అనే ఇద్దరు పండితుల సంప్రదాయాల మధ్య వాదమే అన్నిటికంటే మంచి జవాబని నా అభిప్రాయం. ఎనిమిది రాత్రుల హనుక్కా పండుగకు మొదట ఎనిమిది దీపాలు వెలిగించి రోజుకొకటి తగ్గించాలని షమ్మాయ్ వర్గం అనగా, పవిత్ర విషయాల్లో పెంచుకుంటూ పోవాలే తప్ప తగ్గించకూడదు కనుక ఒకదానితో మొదలుపెట్టాలని హిల్లెల్ వర్గం వాదించింది. నేటికీ యూదుల ఇళ్లలో దీపాలు రోజుకొకటి పెరుగుతూనే ఉంటాయి.

ఈ రెండు వర్గాలు మూడేళ్లు వాదించుకున్నాక, ఇరువురివీ సజీవుడైన దేవుని మాటలేనని, ఆచరణ మాత్రం హిల్లెల్ పక్షం ప్రకారం సాగాలని ఆకాశవాణి పలికినట్లు యూదుల ధర్మచర్చల గ్రంథమైన తల్ముద్ చెబుతుంది. అందుకు అది చూపే కారణం ఎంతో విలువైనది: హిల్లెల్ శిష్యులు సౌమ్యులు, పైగా తమ వాదం కంటే ముందు ఎదుటివారి వాదాన్ని బోధించేవారు. సుమారు క్రీ.శ. 200లో కూర్చిన మౌఖిక ధర్మశాస్త్ర సంకలనం మిష్నా సైతం నెగ్గని అభిప్రాయాలను చెరిపేయకుండా భద్రపరిచింది. తరువాతి కాలంలో సెఫార్దీ (స్పెయిన్ మూలాల) యూదు పండితుడు యోసెఫ్ కారో రాసి 1565లో వెనిస్‌లో అచ్చయిన షుల్హాన్ అరూఖ్ అనే ధర్మసంగ్రహం కూడా, పోలండ్ రబ్బీ (మతగురువు) మోషే ఇస్సెర్లెస్ అష్కెనాజీ (మధ్య, తూర్పు ఐరోపా) యూదుల ఆచారాలను జోడించిన తరువాతే సెఫార్దీ, అష్కెనాజీ యూదులు ఉభయులకూ ప్రామాణికమైంది.