వంద కోట్ల మార్కుల నోటు పెట్టుబడి అవుతుందా?

ప్రశ్న: డ్యూసెల్‌డార్ఫ్‌లో ఐటీ ఉద్యోగం చేస్తున్నాను. ఇక్కడి ఆదివారం సంతలో 1923లో జర్మన్ కంపెనీలు అచ్చేసిన కరెన్సీ నోట్ల ఆల్బమ్ చూశాను, 900 యూరోలు అంటున్నాడు. ఎమర్జెన్సీ ఫండ్‌లోంచి తీసి కొంటే బాబు కాలేజీకి వచ్చేసరికి మంచి ధర పలుకుతుందా?

జవాబు: ఎమర్జెన్సీ ఫండ్ జోలికి మాత్రం వెళ్లకండి. సరదాకి కొనుక్కుంటానంటే నేను అడ్డు చెప్పను, పైగా అవి నాకూ ఇష్టమే.

మీరు చూసిన వాటిని నోట్‌గెల్డ్ అంటారు, అంటే అత్యవసర డబ్బు. 1923 జనవరిలో ఫ్రాన్స్, బెల్జియం సైన్యాలు మీ పక్కనే ఉన్న రూర్ పారిశ్రామిక ప్రాంతాన్ని ఆక్రమిస్తే, నిరసనగా పని మానేసిన కార్మికులను పోషించడానికి ప్రభుత్వం నోట్లు కొట్టుకుంటూ పోయింది, ధరలు ఎంత వేగంగా పెరిగాయంటే జర్మనీ కేంద్ర బ్యాంకు రైష్‌బ్యాంక్ ప్రెస్సులు కూడా చాలక ఊళ్లు, రైల్వే, ఫ్యాక్టరీలు ఎవరికి వాళ్లే నోట్లు అచ్చేసి జీతాలిచ్చారు. నవంబర్‌కి ఒక డాలరు 4.2 లక్షల కోట్ల మార్కులు (మార్కు అంటే అప్పటి జర్మనీ కరెన్సీ)! తీరిక లేక చాలా నోట్లను ఒకవైపే అచ్చేసి వదిలేశారు. రైష్‌బ్యాంక్ అయితే తన పాత వెయ్యి మార్కుల నోటు మీదే ఎర్ర సిరాతో వంద కోట్లని కొట్టేసింది.

కాబట్టి నోటు మీది సున్నాలు చూసి మురిసిపోకండి. ధర నిర్ణయించేది ఎన్ని మిగిలాయి, ఏ స్థితిలో ఉన్నాయి, ఎవరు వేశారు అన్నదే. సంతకం, సీరియల్ నంబర్ లేనివి చాలావరకు చలామణీలోకి రాని మిగులు కాగితాలు. 1920-22లో వచ్చిన రంగురంగుల బొమ్మల నోట్ల సెట్లయితే ఎక్కువగా కలెక్టర్లకు అమ్మడానికే వేసినవి, ఇప్పటికీ ఒకటి రెండు యూరోలకే బోలెడు దొరుకుతాయి. ఆల్బమ్ లావుగా కనబడటానికి వాటినే కూరుతుంటారు, ముందు అవెన్నో లెక్కపెట్టండి.

అసలు టెన్షన్ అమ్మేటప్పుడు. వీటికి వడ్డీ రాదు, రేపు పొద్దున్నే డబ్బు కావాలంటే డీలర్ తన లాభం మిగుల్చుకునే రేటే చెబుతాడు. జర్మనీలో ఏడాది దాటాక అమ్మితే లాభం మీద పన్ను ఉండదు, నిజమే, కానీ లాభమంటూ వస్తే కదా!

బాబు చదువుకి నెలనెలా ఇండెక్స్ ఫండ్‌లో వేయండి. ఆల్బమ్ మొత్తం వద్దని, రూర్ ఫ్యాక్టరీల నోట్లు మాత్రం విడిగా ఇస్తాడేమో అడగండి, యాభై అరవై యూరోల్లో ముగించండి. తెచ్చాక వాటిని పీవీసీ కవర్లలో ఉంచకండి, కాగితం పాడవుతుంది.